బలిపీఠము ప్రక్కన హార్మోనియం



శ్రీశైల యాత్రికులను వర్ణించుచు పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో తన పండితారాధ్య చరిత్రమున నాటి భక్తుల నోట వినవచ్చిన పాటల రకములను పేర్కొనినాడు. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని సాగు ఆ పట్టికలో పాటల పేర్లే గాని పాడినవారి పేర్లు లేవు. గుంపుగా పాడుకొను పాటకు గాయకుడెవ్వడన్న ప్రశ్న ఆ కవికి తోచియుండదు. తోచినను అప్రస్తుతమని విడిచియుండును. ముందొకడు ఎత్తుకొనుట, వెనుక పదుగురు అందుకొనుట అను ఆ పద్ధతి నల్లమల దారులలో శివరాత్రికి కాలినడకన పోవు యాత్రికులయందును, కర్నూలు కడప పల్లెలలోని చెక్కభజన, పండరిభజన బృందములయందును నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. భజనలో ముందు పాడువాడు ఎంతటి సమర్థుడైనను, వెనుకవారు అందుకొననినాడు అది భజన కానేరదు.

నేడు నేను మనవి చేయదలచినది ఈ సీమలోనే మరియొక విధమైన దేవాలయమున, కతోలిక క్రైస్తవుల ఆదివార పూజలో, హార్మోనియం ముందో కీబోర్డు ముందో కూర్చుండు వాద్యకారుని గూర్చి. కతోలికులు తమ గ్రామ సముదాయమును విచారణ అందురు. దానిని చూచుకొను గురువును విచారణ గురువులందురు. ఆయన రాలేని వారములందు ప్రార్థన నడిపి, పిల్లలకు జపములు నేర్పువాడు ఉపదేశి. పెక్కు పల్లెలలో ఆ ఉపదేశియే పాటగాడు కూడ. పట్టణ విచారణలలో మాత్రము గాయక బృందము వేరుగా నుండును. పల్లె యైనను పట్టణమైనను, ఈ వాద్యకారుడు కచేరీ విద్వాంసుడు కాడు, నాటకపు హార్మోనిస్టు కాడు, భజన గురువును కాడు. ఆ ముగ్గురి యొద్దనుండియు కొంత కొంత తీసికొని, ఆ ముగ్గురికిని లేని యొక నియమమునకు కట్టుబడినవాడు. ఆ నియమమును సరిగా గ్రహించినవారు మనలో తక్కువ అని నా అభిప్రాయము.

ఈ ప్రాంతమునకు కతోలిక మతము కొత్తగా వచ్చినది కాదు. 18వ శతాబ్ది తొలి దశకములలోనే ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు, కృష్ణపురము మొదలగు చోట్ల కాషాయాంబరధారులై, శాకాహారులై నివసించి, తెలుగు సంస్కృతములు నేర్చి బోధించిరి. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను వేదాంత రసాయనమను పద్యప్రబంధముగా రచించెను. అనగా మన భాషలో క్రీస్తు కథ ప్రబంధ కవి చేతి మీదుగా కూడ నడచినది. కాని ప్రబంధము చదువుకొనుటకు, చదివించుకొని వినుటకు పనికివచ్చునే గాని గుడిలో అందరు కలిసి పాడుటకు పనికిరాదు. గుడిలోని పూజ లాటిను భాషలో జరిగెడిది. పూజాంత ఆశీర్వాద సమయమున, సోమనాథుని శతాబ్దిలోనే తోమా అక్వినాసు అను పండితుడు రచించిన లాటిను గీతమును అక్షరజ్ఞానము లేని రైతుకూలీలు సైతము కంఠస్థముగా పాడెడివారు. అర్థము తెలియకున్నను రాగము తెలిసినది. ఆ రాగము వారిని గుడికి బంధువులను చేసినది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. లాటిను పాట అనగానే మనవారు అది తెల్లవారి సంగీతమనియు, మన చెవికి ఎడమొగమనియు తలంతురు. కాని గ్రెగోరియన్ గానమని పేరొందిన ఆ ప్రాచీన పద్ధతిలో ఒకటే స్వరవరుస యుండును. అనేక గొంతులు అనేక స్వరములు పలుకు మేళవింపు అందు లేదు. తాళపు కట్టుబాటు లేక, మాటల నడకనే అనుసరించి పాట సాగును. వారి ప్రాచీన స్థాయీభేదములలో రి మీద నిలుచునది మన ఖరహరప్రియ మేళమునకును, గ మీద నిలుచునది హనుమతోడికిని, మ మీద నిలుచునది మేచకల్యాణికిని, ప మీద నిలుచునది హరికాంభోజికిని స్వరస్థానములలో సరిపోవును. గమకములు, రాగభావము వేరన్నది నిజమే. కాని శ్రీశైల మంటపమున వేదపనసలు వల్లించు బ్రాహ్మణునకును, మధ్యయుగపు మఠములో దావీదు కీర్తనలు ఆలపించు సన్న్యాసికిని గల దూరము, ఆ సన్న్యాసికిని నేటి సినిమా బాణీ క్రైస్తవ గీతమునకును గల దూరముకన్న తక్కువ అని చెప్పిన అతిశయోక్తి కానేరదు.

1903 నవంబరు 22న, సంగీతజ్ఞుల పాలక పునీతురాలైన సిసిలియా పండుగనాడు, పదవ పియుసు పోపు గారు దేవాలయ సంగీతమును గూర్చి ఒక శాసనము వెలువరించిరి. నాటకశాలల బాణీలు గుడిలోనికి ప్రాకుచున్నవని వారి వ్యథ. గ్రెగోరియన్ గానమునకే అగ్రాసనమిచ్చి, పియానోను, డప్పులను మద్దెలలను, మ్రోతవాద్యములను వారు నిషేధించిరి. గాయక బృందములో స్త్రీలకు స్థానము లేదనియు శాసించిరి. నేడు మన విచారణలలో గాయక బృందమనగా సగము కంటె ఎక్కువ ఆడపిల్లలే. వారు లేనినాడు పాటయే లేదు. శాసనములలో ఏది కాలధర్మమో, ఏది నిత్యధర్మమో తెలిసికొనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. అయినను ఆ పోపు గారి మూలభయము, అనగా గుడి నాటకశాల అగునన్న భయము, నేటికిని నిరాధారము కాదు.

మన సీమలో ఆ భయమునకు మరింత తావున్నది. ఏలనన, 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో మొదలై తెలుగునాట వ్యాపించిన సురభి నాటక సమాజములు, పిదప పుట్టిన ఇతర పద్యనాటక బృందములు ఊరూర హార్మోనియం వాయించువారిని తయారుచేసినవి. గుడిలో వాయించువాడు కావలసినపుడు విచారణ గురువులకు దొరికినవాడు తరచుగా ఆ నాటక పరంపర యందు చేయి తిరిగినవాడే. వాని చేతిలో వేగము గలదు, వాని చెవి నిక్కచ్చి యైనది. కాని నాటకములో పద్యమెత్తు నటుని గొంతునకు ఎదురుగా పెట్టె పలుకవలెను. పద్యము చివరి రాగమును నటుడు సాగదీసినకొలది హార్మోనిస్టు వానిని వెన్నాడి, చప్పట్లు వచ్చువరకు తరిమి తరిమి విడుచును. ఆ అలవాటు గుడిలోనికి వచ్చినచో ప్రజలు పుస్తకములు మూసి వినుటకు కూర్చుందురు. చక్కగా వాయించినాడని పొగడుదురు కూడ. ఆ పొగడ్తయే వాని వైఫల్యమునకు కొలమానము.

హార్మోనియం మాట వచ్చినది గనుక ఆకాశవాణిలో కూర్చుండి దాని పూర్వకథ చెప్పకుండుట మర్యాద కాదు. 19వ శతాబ్ది నడుమ ఫ్రాన్సులో దెబాన్ అను నతడు రూపొందించిన ఆ కాలితొక్కుడు వాద్యమును కలకత్తాలో ద్వారకానాథ ఘోషు చేతితో ఊదునట్టి చిన్న పెట్టెగా మార్చినాడు. నేలపై కూర్చుండి పాడు దేశమునకు అది సరిపోయినది. సరిపోయినను, గమకము పలుకలేదనియు, శ్రుతిస్థానములు మన సంగీతమునకు ఒదుగవనియు నిందించి, ఈ రేడియో సంస్థయే 1940 మార్చి 1 నుండి దానిని తన స్టూడియోలలోనికి రానీయలేదు. 1971 వరకు ఆ బహిష్కారము తొలగలేదు. ఆ ముప్పది యేండ్లును హార్మోనియం మన పల్లెలలోని గుడులలో, భజన మందిరములలో, నాటకపు పందిళ్లలో నిరాటంకముగా మ్రోగుచునే యుండెను. శాస్త్రజ్ఞులు చూపిన దోషము నిజమే గాని, గమకము పలుకలేని ఆ పెట్టెకు మరియొక గుణమున్నది: అది శ్రుతి విడువదు. స్వరమెచ్చట నిలువవలెనో తెలియని వంద గొంతులకు కావలసినది గమకము కాదు, నిలుకడ.

కతోలిక పీఠాధిపతులు కూడిన రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనను గూర్చిన శాసనమును ప్రకటించినది. ప్రజలు మూగ ప్రేక్షకులుగా నుండరాదనియు, తెలిసి, మనసార, పూర్ణముగా పాల్గొనవలెననియు అందు నిర్దేశించిరి. స్వంత సంగీత సంప్రదాయము గల జాతులయెడ ఆ సంప్రదాయమునకు తగిన గౌరవము నీయవలెననియు, గాయకులు చేయునది అలంకారము కాదు, నిజమైన ఆరాధన సేవయే యనియు చెప్పిరి. దానిని అమలుపరచు సంగీత ఆదేశపత్రము 1967 మార్చి 5న వెలువడినది. అదే సంవత్సరము జూను 12న కర్నూలు మేత్రాసనము, అనగా పీఠాధిపతి ఏలుబడి ప్రాంతము, ఏర్పడినది; కడప మేత్రాసనము 1976లో వచ్చినది. కనుక మన సీమలోని ఈ పీఠములు లాటిను స్థానమున వచ్చిన తెలుగు పూజతోను, తెలుగు పాటతోను కలిసి పెరిగినవే. బెంగుళూరులో 1967లోనే అమలోర్పవదాసు గారు స్థాపించిన జాతీయ కేంద్రము ఆరతులకు, భారతీయ బాణీలకు త్రోవ చూపగా, సికింద్రాబాదులోని అమృతవాణి సంస్థ తెలుగు గీతములను ధ్వనిముద్రణలుగా ఇంటింటికి చేర్చినది. పల్లె బృందములకు అనేక సంవత్సరములు ఆ క్యాసెట్లే గురువులు. క్యాసెట్టు గురువునకు ఒక లోపముండును: అది తన శ్రుతిని తగ్గించుకొనలేదు.

ఈ శ్రుతి విషయమును కొంత తీరికగా చెప్పవలసియున్నది. స్టూడియోలో పాడిన గాయని గొంతు శిక్షణ పొందినది; ఆమె తారస్థాయిలో పంచమము నవలీలగా అందుకొనును. ఆదివారము మన గుడిలో పాడవలసినవారెవరు? వారమంతయు వేరుసెనగ చేలలో, ప్రత్తి చేలలో ఎండకు పనిచేసిన స్త్రీలు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతముల నాపరాతి గనులలో దుమ్ము పీల్చిన పురుషులు. పరగడుపున వచ్చిన ముసలివారు. వీరికి పాట షడ్జమము నుండి షడ్జమము వరకు ఒక స్థాయిలో ఒదుగవలెను. పైకి ఒక స్వరము, క్రిందికి రెండు స్వరములు చాలును. ఆడువారికి అనువైన శ్రుతి మగవారికి ఎక్కువగును, మగవారికి అనువైనది ఆడువారికి పాతాళమగును. ఆ రెంటి నడుమ ఏ కట్టపై పాట నిలుచునో వెదకుటయే వాద్యకారుని మొదటి పాండిత్యము. తన బృందములోని మంచి గొంతునకు తగిన శ్రుతి పెట్టువాడు ఆ గొంతునకు సేవ చేసినవాడగును. వెనుక వరుసలో గోడకానుకొని నిలుచున్న వృద్ధునికి తగిన శ్రుతి పెట్టువాడు విచారణకు సేవ చేసినవాడగును. పల్లవి ఎత్తుకొనుటకు ముందు రెండు క్షణములు స్వరమును నిలిపి, జనులు ఊపిరి తీసికొనుటకు ఎడమిచ్చుట కూడ ఇట్టిదే. మనవారు తరచుగా మరచునదియు ఇదే.

పిమ్మట ఏమి పాడవలెనన్నది. 1967 నాటి ఆదేశపత్రమున ఒక వరుస చెప్పబడినది. దానిని చదివినవారు ఆశ్చర్యపడుదురు. మొదట పాడవలసినవి ప్రవేశ గీతము, కానుక గీతము కావు. గురువు చేయు సంబోధనకు ప్రజలిచ్చు ప్రతివచనములు, పరిశుద్ధ గీతము, ప్రభువు ప్రార్థన, ఇవి తొలి మెట్టు. ఇవి పాడుట అలవడిన తరువాతనే తక్కినవి చేర్చుకొనవచ్చును గాని, వీనిని విడిచి తక్కినవి పాడరాదు. మన విచారణలలో జరుగునది దీనికి సరిగా విలోమము. ప్రవేశమునకు ఆర్భాటమైన పాట, కానుకలకు మరియొకటి, సత్ప్రసాదమునకు రెండు, చివర చప్పట్లతో ఇంకొకటి. నడుమ గురువు సంబోధించినపుడు మాత్రము ప్రజల గొంతు వల్లెవేతగా పడిపోవును. పాట పూజలోనిది కాక, పూజ నడుమ నడుమ వచ్చు వినోదమైపోయినది. మొదటి పఠనము తరువాత పాడవలసిన దావీదు కీర్తనకు బదులు ఏదో యొక భక్తిగీతము పాడి సరిపెట్టుటయు ఇట్టి లోపమే. ఆ కీర్తనకు ప్రతి ఆదివారము మారు పల్లవి యుండును. ఒకరు చరణము పాడుట, అందరు పల్లవి అందుకొనుట అను ఆ రూపము సాక్షాత్తు మన భజన రూపమే. శనివారము సాయంకాలము ఒక గంట కూర్చుండి ఆ పల్లవికి మోహనలోనో మధ్యమావతిలోనో చిన్న బాణీ కూర్చుకొనుట కష్టము కాదు. కష్టమనిపించునది బైబిలు తెరచి చూచుట.

వాద్యకారునకు వాయించుట యెంత విద్యయో, వాయింపకుండుట అంత విద్య. ఈస్టరుకు ముందు వచ్చు తపస్సు కాలమున మహిమ గీతమును అల్లెలూయయు ఉండవు. ఆ దినములలో వాద్యము పాటకు ఊతగా మాత్రమే పలుకవలెను, ఒంటరిగా పలుకరాదు. నడుమనొక ఆనంద ఆదివారమును, పెద్ద పండుగలును దీనికి మినహాయింపు. పవిత్ర గురువారము రాత్రి మహిమ గీతము ముగిసిన క్షణము నుండి పాస్క (ఈస్టరు) జాగరణలో మరల మహిమ గీతము ఎత్తుకొనువరకు గుడిగంట మ్రోగదు, పెట్టె పాటకు ఊతగా తప్ప పలుకరాదు. శుభ శుక్రవారపు పాటలు ముఖారిలోనో, పున్నాగవరాళిలోనో ఒట్టి గొంతుతో సాగుట మేలు. ప్రతి పూజలోను గురువు కృతజ్ఞతార్చన చేయుచు ముఖ్యప్రార్థన పలుకునపుడు వెనుక మెల్లగా సంగీతము నడుపు అలవాటు కీబోర్డులతో వచ్చినది. అది వినుటకు సినిమా దృశ్యము వలె నుండును గాని, విధికి విరుద్ధము. మౌనము కూడ ఆరాధనలో భాగమని మహాసభ వ్రాతపూర్వకముగా చెప్పినది.

కీబోర్డు నాకు శత్రువు కాదు. దానిలోని తబలా బొత్తాము మాత్రము ప్రమాదకరమైనది. ఒకసారి నొక్కిన వెనుక ఆ యంత్రము ఎవ్వరి కొరకును ఆగదు. ముసలమ్మ దీర్ఘము తీసినను, పసివాడు ఒక మాట మింగినను, లయ తన దారిన తాను పోవును. మనిషి చేతి డోలకు కనిపెట్టుకొనియుండును, తగ్గును, కలుపుకొనును.

డప్పును గూర్చి పెద్దలలోనే రెండభిప్రాయములున్నవి. మన సీమలోని కతోలికులలో అధికసంఖ్యాకులు మాలమాదిగ వాడలవారు. చావునకు, చాటింపునకు, జాతరకు ఊరివారి ఆజ్ఞ మీద కొట్టవలసివచ్చిన ఆ వాద్యమును దేవుని సన్నిధికి తేనేల యని కొందరు వృద్ధులు ముఖము చిట్లింతురు. ఆ వెట్టి జ్ఞాపకము వారికి ఇంకను పచ్చిగా నున్నది. మా తాతల చేతివిద్యను బలిపీఠము ముందు మ్రోగించుటయే మా గౌరవమని యువకులందురు. నా మ్రొగ్గు యువకుల వైపే, కాని వృద్ధుల మాటను తీసివేయుటకు నాకు అధికారము లేదు. కర్నూలు మేత్రాసనములోని చిందుకూరు గ్రామమున 1961లో జన్మించి, 2008 నుండి 2020 వరకు కర్నూలు పీఠాధిపతిగా నుండిన పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ పదవి నందుకొనిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి నందిన తొలి వ్యక్తి వారే. ఆ వార్త వచ్చిన పిదప వాడలలో డప్పు మ్రోత ఎవ్వరి ఆజ్ఞ మీదను మ్రోగునది కాదని చెప్పుట సులభమైనది.

ఇక పొరుగువారి పాటలు. కడపలో లండను మిషను, నంద్యాలలో ఆంగ్లికనులు, కర్నూలులో బాప్టిస్టులు చిరకాలము పనిచేసినందున, 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి మొదలగువారు కర్ణాటక రాగములలో కూర్చిన కీర్తనలు మన కతోలికుల ఇండ్లలోను పాడుకొనబడుచున్నవి. వానిని గుడిలో పాడవచ్చునా యని అడుగువారున్నారు. ఆ పూజాఘట్టమునకు మాట సరిపోయినచో పాడవచ్చును. మన సినిమా బాణీలకంటె అవి వేయిరెట్లు మేలు.

చివరకు జీతము మాట. పెండ్లిలో ఒక పూట వాయించు బ్యాండుమేళమునకు వేలు లెక్కించి ఇచ్చు గృహస్థుడు, ఏడాది పొడుగున ఆదివారములు, చావులు, నవదినములు, జపమాల పండుగలు విడువక వాయించినవానికి క్రిస్మసునాడు ఒక తువ్వాలు కప్పి తృప్తిపడును. సేవకు వెలకట్టరాదను వాదము నేనెరుగుదును; కాని హార్మోనియం రీడు చెడినపుడు బాగుచేయువాడు సేవాభావముతో చేయడు. వాద్యకారుడు సైతము ధనము కంటె శిక్షణనే కోరును. కర్నూలులో శారదా సంగీత కళాశాల యున్నది. విచారణకు ఒక బాలుని గాని బాలికను గాని ఎన్నుకొని, సరళీ వరుసల నుండి వర్ణము వరకైనను అచ్చట నేర్పింపవచ్చును. గోపురమునకు రంగు వేయుటకై చందాలు వసూలు చేయు సంవత్సరమున, ఆ నిధి నుండి ఈ రుసుమును కూడ చెల్లించినచో అభ్యంతరము చెప్పువారుందురని నేననుకొనను.